ఆకుపొర

గాజు తొట్టె అడుగున వేలెడంత ముక్క మునిగి ఉంది. ఎండుటాకు రంగు, నానిన తోలంత మెత్తదనం. దానికి జానెడు దూరంలో పురుగొకటి పాకుతోంది. ఇసుకరేణువులను ఒంటిచుట్టూ అతికించుకుని గొట్టంలాంటి గూడు కట్టుకున్న పురుగు. లాబ్‌లో వాళ్లు దాన్ని గూటిపురుగు అంటారు. కొండవాగుల్లో రాలిపడిన ఆకులు తిని బతికే జాతి అది. ఆకు కానిదాన్ని ముట్టదు. ఆకలికి చస్తుంది గానీ ముట్టదు.

డాక్టర్ సీదరి బుద్రి తొట్టె మీదికి వంగి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న రుఖియా పక్కనే నిలబడింది. పురుగు ముక్కదాకా వచ్చి ఆగింది. గూట్లోంచి తల బయటపెట్టింది. కాసేపు అటూ ఇటూ తడిమి, అంచు పట్టుకుని కొరికింది.

"తింటోంది మేడం!" రుఖియా గట్టిగా అరిచేసింది.

బుద్రి కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

ఆ ముక్క పేరు ఆకుపొర. బూజు పోగులూ నాచూ కలిపి నేసిన, బతికున్న బట్ట. దానికోసం ఆమె పెళ్లి మాట పక్కన పెట్టింది, నిద్ర మరిచిపోయింది. ఎందుకంటే కొండ తగలబడిన ఏడు ఒక లోయలో వాగు చావడం ఆమె కళ్లారా చూసింది. అడవి పైనుంటుంది, వాగు కిందుంటుంది. అయినా వాగులో ఈదేవీ పాకేవీ అన్నీ అడవినే తింటాయి. రాలిన ఆకును పురుగు తింటుంది, పురుగును చేప తింటుంది, చేపను మనిషి తింటాడు. కొండ కాలిపోయాక నీడ లేక నీళ్లు వేడెక్కాయి. మొదటి వానకే బూడిదా బురదా దిగి రాళ్ల సందులు పూడిపోయాయి. మేత లేక పురుగులు పోయాయి. వాటి వెనకే చేపలూ పోయాయి. కొండ మీద మళ్లీ చెట్లు లేస్తాయి, నిజమే. అవి లేచి నీడనిచ్చేదాకా వాగు ఆగలేదు. ఈలోగా పుండుకి కట్టే గుడ్డలాంటిది ఏదైనా ఉండాలి.

ఆ గుడ్డే ఆకుపొర. రాళ్లకు అంటుకుని తనంతట తానే పెరుగుతుంది. అడుగున పరుచుకున్న పొర పురుగులకు మేతవుతుంది, బురదను పట్టి ఉంచుతుంది. పైన తేలే పొర గొడుగులా ఎండను ఆపుతుంది. బతికున్నదేదైనా అదుపు తప్పొచ్చు గనుక బుద్రి దానికి విరుగుడు కూడా తయారుచేసి పెట్టుకుంది. ఒక క్యాను పోస్తే చాలు, తగిలిన పొర తగిలినట్టు కరిగిపోతుంది. ఆ విరుగుడు కూడా ఎండకి విరిగిపోయి మామూలు ఉప్పుగా మిగులుతుంది.

కాలిన కొండ కింద పరిచిన రెండో వానాకాలానికి వాగులో చేపలు తిరిగాయి. పేపర్లలో బుద్రి ఫోటో వేశారు. కొండల్లో పుట్టిన పిల్ల కొండవాగును బతికించిందని రాశారు.

*

ఆ రోజుల్లో కొండ మీద చెట్లు కొట్టాలంటే కింద పారే నీటిని చూడాలని ఒక చట్టం ఉండేది. నీటిలో ఎన్ని రకాల ప్రాణులున్నాయో, ఎంత బాగున్నాయో కొలిచి నూటికి ఒక అంకె వేస్తారు. దాన్ని జీవసూచి అంటారు. అది అరవై కన్నా కిందికి దిగే పని దేనికీ అనుమతి లేదు. చెట్లు కొడితే దిగక మానదు కాబట్టి, ఆ చట్టం వచ్చినప్పటినుంచీ కొండలకు కాపలా కాసింది వాటి కింద పారే వాగులే.

ముసురుకొండ కడుపులో ఖనిజం ఉంది. దాని కింద ముసురుగెడ్డ అనే వాగు పారుతోంది. గెడ్డ ఒడ్డున జీలుగుపుట్టు అనే పల్లె. బుద్రి పుట్టింది అక్కడే. ఆమె అన్న సుక్రన్న, వదిన జమున ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు.

బుద్రి పనిచేసే పరిశోధన సంస్థ డైరెక్టరు వామనరావు ఒకరోజు ఆమెను తన గదికి పిలిచాడు. ఆమెకు పాఠాలు చెప్పినవాడు, స్కాలర్‌షిప్ ఇప్పించినవాడు. ఆయన మాటంటే బుద్రికి గౌరవం.

"ముసురుకొండ మీద చెట్లు తీసేస్తే, కింద నీ ఆకుపొర ఉంటే, జీవసూచి దిగుతుందా?"

"దిగదు సార్. కానీ అది కాలిపోయిన కొండల కోసం. ఉన్న అడవిని కొట్టడానికి కాదు."

"తవ్వకం అయిపోయాక కంపెనీవాళ్లు మళ్లీ నాటుతారు. నీ పొర ఆ మధ్యకాలానికే. పుండుకి గుడ్డ అన్నావే, ఇదీ అదే కదా?"

"కావాలని కోసిన పుండు సార్ ఇది."

వామనరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బుద్రీ, నీకు దాచేదేముంది. జీవసూచి దిగదని నువ్వు సంతకం పెట్టకపోతే వాళ్లు ఆ చట్టాన్నే తీయించేస్తారు. అప్పుడు కొండా పోతుంది, గెడ్డా పోతుంది. పెడితే గెడ్డయినా మిగులుతుంది. మీ ఊరి గెడ్డ."

ఆమె ఆ వారం జీలుగుపుట్టు వెళ్లింది. సుక్రన్న గెడ్డ ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. చెల్లెలు చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు.

"కొండ మీద సెట్లు తీసీసినా గెడ్డ బాగుంటాదా?"

"బాగుంటాది అన్నా."

"సేపలుంటాయా?"

"ఉంటాయి."

"నివ్వు సూసినావా?"

"కాలిపోయిన కొండ కింద సూసినాను."

సుక్రన్న దారం కొరికి ముడి వేశాడు. "మరింక నన్నడగడం ఏటి? నివ్వు సెప్పేది నిజమే అయితే పెట్టు సంతకం. అబద్ధమైతే పెట్టకు."

నిజమే. అందుకే పెట్టింది.

*

చెట్లు కొట్టడం ఒక్క ఎండాకాలంలో అయిపోయింది. పనసలు, జీలుగులు, అడ్డాకు తీగలు పాకిన పెద్ద మానులు అన్నీ లారీలెక్కాయి. ముసురుకొండ తోలు ఒలిచినట్టు ఎర్రగా మిగిలింది. వానలు పడ్డాయి. ఎర్రమట్టి కాలవలై దిగింది. గెడ్డలోకి దిగిన మట్టిని ఆకుపొర పట్టుకుంది. నీళ్లు అద్దంలా పారాయి. ఆ ఏడాది చివర రుఖియా కొలిచిన జీవసూచి, అడవి ఉన్న రోజుల్లో కన్నా ఎక్కువగా తేలింది.

చేపలు తెగ పెరిగాయి. గెడ్డలో వేటాడే హక్కు కంపెనీవాళ్లు జీలుగుపుట్టు వాళ్లకే రాయించారు. పొద్దున్నే ఐసు పెట్టెలతో జీపు వచ్చి చేపలు పట్టుకుపోయేది. పల్లెలో రేకు కప్పులు పోయి శ్లాబులు లేచాయి. సుక్రన్న కూతురు నర్సింగు చదవడానికి పట్నం వెళ్లింది.

నాలుగో వానాకాలం వెళ్లాక, పండగ కాని ఒక మామూలు ఆదివారం బుద్రి అన్న ఇంటికి భోజనానికి వెళ్లింది. ఆమె వెళ్లేసరికి జమున వాకిట్లో చీపురు పట్టుకుని ఉంది. గోడల మీద, గుమ్మం మీద, నీళ్ల బానల మీద సన్నటి రెక్కల ఈగలు చచ్చి పొరలు పొరలుగా అంటుకున్నాయి. జమున వాటిని ఊడ్చి చాటకెత్తుతోంది.

"రోజూ ఇంతే. సాటడు, రెండు సాటలు," అంది జమున. "నీల్లల్లోంచి లేసి వొస్తాయి పాపం. మునపయితే సెట్ల మీదికి ఎల్లిపోయివి. ఇప్పుడు వాలడానికి ఆకుంటే కదా. మా గోడల మీద వాలి సచ్చిపోతన్నాయి."

బుద్రికి అది తెలుసు. వాగులో పురుగుగా బతికింది రెక్కలొచ్చాక ఏదో ఒక ఆకు కింద ఒక పూట తలదాచుకోవాలి. అప్పుడే జతకట్టి, మళ్లీ నీళ్లలో గుడ్లు పెడుతుంది. ఆకు లేకపోతే ఆ జాతి అక్కడితో సరి. అందుకనే ప్రతి రుతువుకీ రుఖియా పక్క కొండల వాగుల్లోంచి పిల్లపురుగుల్ని డబ్బాల్లో తెచ్చి ముసురుగెడ్డలో వదులుతోంది. నిబంధనలు దానికి ఒప్పుకున్నాయి. జీవసూచి నీళ్లలో ఉన్నవాటినే లెక్కపెడుతుంది. గోడ మీద చచ్చినవాటిని లెక్కపెట్టదు.

చేపల పులుసు వడ్డిస్తూ జమున అంది, "తిండికి లోటు నేదమ్మా. ఉన్న మాటే సెప్పాల. కానీ ఏటో ఇది. ఇస్తర్లకి అడ్డాకు కోసుకోడానికి ఎల్లలేను, దుంపలకి ఎల్లలేను. మద్దేన్నం పూట పిట్ట కూడా కుయ్యదు. గెడ్డ బాగుంది. గెడ్డకి అటూ ఇటూ ఏటీ నేదు."

సుక్రన్న విసుక్కున్నాడు. "దానికాడ ఆ మాటలెందుకే? తిననీ."

బుద్రి ముద్ద కలుపుతూ గుమ్మంలోంచి ఎర్రటి కొండకేసి చూసింది. ముసురుకొండ మీద తవ్వకం ఆగే సూచన లేదు. నాటిన మొక్క ఒక్కటీ లేదు. తాను కట్టిన గుడ్డ కింద పుండు మానడం లేదు. ఆ గుడ్డను చూసుకునే అందరూ కోతకు ధైర్యం తెచ్చుకున్నారు.

*

మరుసటి నెలలో వామనరావు గదిలో గోడ నిండా ఒక పటం వేలాడింది. తొమ్మిది కొండలు ఎర్రగీతల్లో ఉన్నాయి. వాటి కింద తొమ్మిది వాగులు, వాటి పక్కన చిన్న చిన్న చుక్కలు. ఒక్కో చుక్క ఒక పల్లె.

"అనుమతి విచారణ వచ్చే నెల. నీ ముసురుగెడ్డే వాళ్లకి ఆధారం," అన్నాడు వామనరావు.

"సార్, అది వాగు కాదు ఇప్పుడు. తొట్టె. పక్క కొండల్లోంచి పురుగుల్ని తెచ్చి పోస్తే నడుస్తోంది. ఆ పక్క కొండలే ఇవి. ఇవీ పోతే ఎక్కడినుంచి తెస్తాం?"

"లాబ్‌లో పెంచుతాం. దానికీ నిధులిస్తున్నారు."

"గట్టు మీదివి కూడా లెక్కలో చేర్చమని అడుగుదాం. పిట్టలు, కప్పలు, రెక్కల ఈగలు. మనుషులు..."

"చట్టంలో ఏముంది? నీటిలోవి అని ఉంది." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీ వ్యాసంలో నువ్వే రాశావు, అడవి తిరిగి రాకపోతే పొర ఎక్కువ కాలం నిలవదని. నాలుగు వానాకాలాలు నిలిచింది. ఏ అడవీ రాకుండానే నిలిచింది. జీవసూచి అరవై కిందికి దిగిన రోజున రా, నేనే వెళ్లి విచారణ ఆపిస్తాను."

ఆయన మామూలుగా అన్న మాట అది. బుద్రి మాత్రం దాన్ని మోసుకుంటూ ఇంటికి వెళ్లింది.

చట్టాన్ని మార్చమని అర్జీలు పెట్టింది. జవాబు రాలేదు. పత్రికలవాళ్లని కలిసింది. "మీరే కదా మేడం ఇది కనిపెట్టింది?" అని నవ్వారు. తొమ్మిది కొండల్లో రెండు పల్లెలకు వెళ్లి చెప్పి చూసింది. జీలుగుపుట్టు శ్లాబు ఇళ్లను చూసొచ్చినవాళ్లు ఆమె మాట వినలేదు.

విచారణ ఇంకా కొన్నాళ్లుందనగా ఒక ఉదయం ఆమె లాబ్ గిడ్డంగిలోంచి విరుగుడు క్యాను తీసి జీపులో పెట్టుకుంది. దారిలో ఒకచోట ఆగి జమునకు ఫోన్ చేసింది.

"ఒదినా, ఈ పూటనుంచి ఎల్లుండి దాకా గెడ్డ నీల్లు తాగకండి. బోరు కాడికెల్లి తెచ్చుకోండి. గొడ్లనీ దింపకండి."

"ఏటయింది?"

"ఏటీ అవనేదు."

జమున నెమ్మదిగా అడిగింది. "అవనేదా? అవబోతందా?"

"ఎవులికీ నా పేరు సెప్పకు ఒదినా. నీల్లు మాత్రం ఎవుల్నీ తాగనివ్వకు."

గెడ్డ రాతి నెర్రెలోంచి బయటపడే చోటికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కాపలావాళ్లు కింద షెడ్డులో అన్నాలు తింటున్నారు. బుద్రి చెప్పులు విప్పి నీళ్లలోకి దిగింది. చల్లగా ఉన్నాయి. పైన అడవి లేకపోయినా అంత చల్లగా ఉన్నాయంటే అది తన చేతి పనే. రాయి తిరగేసింది. దాని కింద గూటిపురుగులు, చిన్న పీత ఒకటి, రాతికి కరుచుకున్న బొటనవేలంత చేప. చేప కదలకుండా మొప్పలాడిస్తూ ఆమెకేసే చూస్తున్నట్టుంది.

కొన్నింటినైనా తీసుకుపోదామని సంచిలోంచి సీసా తీసింది. మళ్లీ పెట్టేసింది. నాలుగింటిని బతికించుకుంటే చేస్తున్నది చిన్నపనే అని తనకు తాను సర్దిచెప్పుకుంటుందేమోనని భయం వేసింది.

రాయిని ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టి క్యాను మూత తిప్పింది.

*

తెల్లారేసరికి గెడ్డంతా జిగురు. కరిగిన పొర గోధుమరంగు నురగలా తేలింది. అది కుళ్లి నీళ్లలోని ప్రాణవాయువును లాగేసుకుంది. నాలుగు వానాకాలాలుగా పొర పట్టి ఉంచిన ఎర్రమట్టి ఒక్కసారిగా లేచింది. పీతలు ఒడ్డెక్కి చచ్చాయి. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి.

జీలుగుపుట్టు జనమంతా ఒడ్డుకు వచ్చారు. చావకుండా మిగిలిన చేపల్ని ఏం చెయ్యాలో మొదట ఎవరికీ తోచలేదు. సుక్రన్నే బిందె పట్టుకుని దిగాడు. "బోరు కాడ తొట్టెలో ఎయ్యండి! బతికినకాడికి బతుకుతాయి!" అని అరిచాడు. దాంతో బిందెలు, బకెట్లు, వంట గిన్నెలు అన్నీ బయటికొచ్చాయి. ఆడా మగా ముసలీ ముతకా గెడ్డనుంచి బోరుదాకా పరుగులు. మెట్ట ఎక్కుతుంటే నీళ్లు తొణికి దారంతా బురదయింది. జారిపడినవాళ్లు చేపల్ని ఏరుకుని మళ్లీ లేచారు.

బుద్రి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా ఒక బకెట్ అందుకుంది. ఆమె కూడా దిగింది, ముంచింది, పరిగెత్తింది. అరచేతుల్లో కొట్టుకునే చేపలు మెట్ట ఎక్కేలోగా కదలడం మానేసేవి. మధ్యలో ఒకసారి సుక్రన్న ఎదురుపడ్డాడు. అతని భుజం మీద బిందె ఉంది, గడ్డం మీదినుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే."

"పట్నంనుంచి ఇప్పుడే ఎలాగొచ్చినావు? పొద్దే ఇంకా పైకి లెగనేదు."

బుద్రి బకెట్ చెయ్యి మార్చుకుంది. అతను ఆమె కాళ్లకేసి చూశాడు. చెప్పులు లేవు. ఏదో అడగబోయి, వెనకనుంచి ఎవరో తోసేసరికి ముందుకు నడిచాడు.

తొట్టె చిన్నది. చేపలు ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక మధ్యాహ్నానికి అక్కడా చచ్చాయి. జమున గట్టు మీద కూర్చుని తల పట్టుకుంది. ఆ రోజు జీలుగుపుట్టులో పొయ్యి వెలగలేదు.

జీవసూచి పదకొండుకు పడిపోయింది.

*

రుఖియా రెండు వారాలు గెడ్డ వెంబడి తిరిగి లాబ్‌కు వచ్చింది. తలుపు దగ్గరగా వేసి బుద్రి ఎదురుగా కూర్చుంది.

"మేడం, అందరూ అంటున్నట్టు పొరకి తెగులు సోకి ఉంటే అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా మొదలవ్వాలి. ఇది అలా లేదు. ఊట దగ్గర మొదలై, నీళ్లు ఎంత వేగంగా పారతాయో అంత వేగంగా కిందికి దిగింది. గెడ్డలో పెట్టిన మన సెన్సార్లన్నిటిలో ఒకటి తర్వాత ఒకటిగా కనిపిస్తోంది. తెగులు అలా నడవదు."

బుద్రి ఆమె కళ్లలోకే చూసింది. "నడవదు."

రుఖియా ఇంకా ఏదో ఒక మాట వస్తుందని, తన అనుమానం తప్పని చెబుతుందని ఆశపడి వచ్చినట్టుంది. "నా అయిదేళ్ల పని మేడం అది. ఒక్కో పురుగునీ నేను డబ్బాలో ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాను."

"తెలుసు."

"నన్నేం రాయమంటారు?"

"నీకు కనిపించింది రాయి. నేను అబద్ధం రాయమని నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను."

రుఖియా లేచేటప్పుడు అంది, "నన్ను అడిగితే నిజమే చెబుతాను. అడగకపోతే నోరెత్తను. అంతకన్నా నావల్ల కాదు." తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "మీరు ముందే నాతో చెప్పి ఉంటే మీకు అడ్డం పడేదాన్ని. అందుకే చెప్పలేదు కదా?" అంది.

బుద్రి తలూపింది.

*

విచారణ ఒక ప్రభుత్వ అతిథి గృహంలో జరిగింది. రుఖియాను అడిగింది ఒకే ఒక ప్రశ్న, ఇప్పుడు జీవసూచి ఎంత అని. పదకొండు అంది. కూర్చోమన్నారు. వామనరావు లేచి, పొర నమ్మదగింది కాదని తేలిందన్నాడు. అన్న తర్వాత బుద్రి వైపు చూడలేదు.

కంపెనీ తరఫు వకీలు సుక్రన్నను పిలిపించాడు. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు సుక్రన్న.

"గెడ్డ నీళ్లు తాగొద్దని మీ ఊళ్లో ముందురోజే చెప్పుకున్నారట. నిజమేనా?"

బుద్రి తల ఎత్తి అన్నకేసి చూసింది.

"నిజమే బాబూ."

"ఎవరు చెప్పారు?"

"నా ఆడది సెప్పింది."

"ఆవిడకెవరు చెప్పారు?"

సుక్రన్న కట్టుకున్న చేతులు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"చూడు సుక్రన్నా," వకీలు గొంతు తగ్గించాడు. "ఇది ఎవరైనా కావాలని చేసిన పని అని తేలితే, కంపెనీ మళ్లీ పొర వేయిస్తుంది. మళ్లీ చేపలొస్తాయి, మీ హక్కు మీకుంటుంది. పొర దానంతట అదే పోయిందంటే మీకేమీ రాదు. మీ పిల్ల చదువు ఆగిపోతుంది. బాగా ఆలోచించి చెప్పు."

"ఆలోసించినాను బాబూ. నీల్లు వాసన తేడా వొచ్చింది, అది సెప్పింది. ఆ గెడ్డ కాడ పుట్టినోల్లం. గెడ్డ నీల్ల సంగతి మాకు ఒకరు సెప్పాలేటి?"

"మీ చెల్లెలు ఏమైనా..."

"నా సెల్లి కట్టిందే కదా ఆ గెడ్డ. దానికెందుకు దాన్ని సంపుకోవడం?"

వకీలు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

తొమ్మిది కొండల అనుమతి నిలిపివేస్తూ నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. అందులోనే ఇంకో మాట ఉంది. ఆకుపొరను ఎక్కడున్నా తీసెయ్యాలని. కాలిన కొండ కింద మొట్టమొదట పరిచిన వాగులోంచి కూడా తీసేశారు. అక్కడి కొండ మీద మొక్కలు నడుమెత్తు లేస్తున్నాయి. ఇంకో అయిదారేళ్లు ఆగితే నీడ అందేది. ఆ చేపలూ పోయాయి. రుఖియా పరిశోధన మానేసి విజయనగరంలో ఏదో జూనియర్ కాలేజీలో చేరిపోయింది. ముసురుకొండ తవ్వకం మాత్రం ఆగలేదు. దానికి అనుమతి పాతదే.

జీలుగుపుట్టు నెమ్మదిగా ఖాళీ అయింది. అమ్ముకోవడానికి చేప లేదు, ఏరుకోవడానికి అడవి లేదు. కొందరు తవ్వకంలో లోడింగు పనికి పోయారు. సుక్రన్న ఆ పనికి పోనన్నాడు. అనకాపల్లి వైపు బెల్లం గానుగల్లో పని దొరుకుతుందని ఎవరో చెప్తే బయలుదేరాడు. కూతురు చదువు మానేసి ముందే అక్కడికి వెళ్లింది.

సర్వీసు జీపు మీదికి మూటలెక్కిస్తుండగా బుద్రి వచ్చింది. జమున ఆమెను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జీపు లోపలికెళ్లి కూర్చుంది. సుక్రన్న తాడు బిగించి ముడి వేసి చేతులు దులుపుకున్నాడు.

"అన్నా, నా ఇంటికి రండి. గదులున్నాయి."

"వొద్దు."

"విచారణలో నన్నెందుకు కాసినావు?"

"నిన్ను కాయనేదు." అతను తొమ్మిది కొండలున్న వైపు చూశాడు. ఎండలో అవి పచ్చగా, ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. "అక్కడ మనకి మేనరికాలోల్లున్నారు. ఆల్లకి ఇంకా అడవుంది. ఉండనీ అనుకున్నాను. అంతే."

బుద్రి ఒకడుగు దగ్గరికి వేసింది. "నాకు ఇంకో దారి కనిపించనేదు అన్నా."

"అడవి పోయిన్నాడు నీ సంతకం ఉంది. గెడ్డ పోయిన్నాడు నీ సెయ్యి ఉంది." అతని గొంతులో అరుపు లేదు. "రెండుపాల్లూ మంచికే సేసినావు. నాకు తెలుసు. మా కాడికొచ్చేసరికి ఆ మంచి అందనేదు బుద్రీ. ఇంకోపాలి మా ఇంటికి రాకు."

జీపు కదిలింది. జమున వెనక్కి చూసింది, సుక్రన్న చూడలేదు. మలుపు తిరిగాక కూడా ఇంజను చప్పుడు కాసేపు వినిపించింది.

బుద్రి గెడ్డలోకి దిగింది. ఎర్రమట్టి నీళ్లు మడమలు దాటి పారుతున్నాయి, గోరువెచ్చగా. వంగి ఒక రాయి తిరగేసి దాని అడుగు చూసింది. ఏమీ లేదు. పక్కనున్న రాయి తిరగేసింది. దాని కిందా లేదు. ఇంకొంచెం పైకి నడిచి మరో రాయి మీద చెయ్యి వేసింది.